నీటిలోని చిఱుజీవులు గడ్డి నరగించుకొను విధము



మన గోదావరి డెల్టాలో నీరు లేని యూరు లేదు. మాది అత్తిలి. ఊరి ప్రక్కను కాలువ, కాలువనుండి బోదెలు, బోదెల వెంట వరిచేలు, చేల కావల మురుగుకాలువలు, చెఱువులు. మాకు పడమటగా కొల్లేటి పల్లము. ఈ నీళ్లన్నిటియందును ప్రతి యేడు ఎంత పచ్చదనము పుట్టుచున్నదో మీ రెఱుగుదురు. పాచి, నాచు, అంతరతామర, గుఱ్ఱపుడెక్క, జమ్ము, కిక్కిస, కోతలైన పిమ్మట చేలలో మిగులు వరిదుబ్బులు, ఇవన్నియు నీటబడి క్రుళ్లుచునే యున్నవి. ఏటేట నింత యాకు, ఇంత గడ్డి నీటబడుచుండగా అదంతయు కుప్పపడి నిలిచిపోవుట లేదు. పైగా ఆ నీటియందే చేపలు పెరుగుచున్నవి. ఆ గడ్డి యేమగుచున్నది? దానిని తినువా రెవరు? తిన్నను, పశువునకే మూడుదినములు పట్టు మేతను చీమతలకాయంత ప్రాణి యెట్లు జీర్ణము చేసికొనును? ఇదియే నేటి నా ప్రసంగవిషయము. వినోదమునకు మాత్రమే యీ విషయము నెత్తుకొనలేదు. చేను, చెఱువు గలవారి లాభనష్టములు కూడ దీనితో ముడివడియున్నవి.

మొదట ఆ జీవులను మీకు పరిచయము చేసెదను. రేడియోలో బొమ్మ చూపుటకు వీలులేదు గనుక, మీ యూరనే చూచుకొను నుపాయమును చెప్పెదను. ఎండ బాగుగ కాయుచున్నపుడు చెఱువంచున పాచి యున్నచోట గాజుగ్లాసుతో నీరు ముంచి, వెలుతురున కెదురుగ నుంచి, కొంతసేపు కదల్పక చూడుడు. ఆవగింజలో సగముండు చుక్కలు కొన్ని పైకెగిరి, క్రిందికి జాఱి, మరల నెగురుచు కనబడును. అవి నీటియీగలు. పేరునకే యీగలు, వానికి రెక్కలు లేవు. చలిదేశముల చెఱువులలో డాఫ్నియా యను పెద్దరకము విస్తారముగ నుండును. మన వేడినీళ్లలో దాని చెల్లెలివంటి మొయినా యను రకము హెచ్చు. అది పెరిగి పెద్దదైనను ఒక మిల్లీమీటరు ప్రాంతముననే యుండును. రెండవజాతివి ముందు లావుగను వెనుక సన్నముగను ఉండి, తోక కిరుప్రక్కల గ్రుడ్లసంచులను మోసికొనుచు, ఒక్కొక్క దూకుతో సాగిపోవును. వీనికి సైక్లాప్సు లని పేరు. పూర్వము నారికురుపును మనుష్యులకు తెచ్చిపెట్టినది యీ సైక్లాప్సే. నీటిని గుడ్డతో వడియగట్టి త్రాగుడని వైద్యులు చెప్పినది దీనినుండి కాచుకొనుటకే. 2000 సంవత్సరములో మన దేశము నారికురుపు లేని దేశముగ గుర్తింపబడినది. మూడవజాతివి నువ్వుగింజవలె రెండు చిప్పల నడుమ నిమిడి, బురదమీదను మొక్కల మొదళ్లయందును ప్రాకుచుండును. వీనికి ఆస్ట్రకోడు లను శాస్త్రనామమున్నను, నేను చిప్పపురుగు లనియే చెప్పెదను.

ఈ మూడును, మనము తిను రొయ్యయు, పొలముగట్టున బొరియ చేయు పీతయు ఒక్క వంశమునకు చెందినవి. ఒడలికి పెంకు, ఆ పెంకును విడిచి విడిచి పెరుగుట, కీళ్లుకీళ్లుగ నుండు కాళ్లు, ఇవి వీని యన్నిటికిని సామాన్యలక్షణములు. శాస్త్రజ్ఞు లీ వంశమును క్రస్టేషియా యందురు. మనము రొయ్యజాతి యని చెప్పుకొందము.

నీటియీగ యొడలు గాజువలె నుండును. భూతద్దముతో చూచినచో లోపలి ప్రేగు ఒక గీతవలె స్పష్టముగ కానవచ్చును. పచ్చని పాచినీటిలో బ్రదుకుదాని ప్రేగు పచ్చగను, క్రుళ్లిన యాకునీటిలో బ్రదుకుదాని ప్రేగు గోధుమవన్నెగను ఉండును. కోయకయే, చంపకయే, బ్రదికియున్న జంతువు కడుపులో మేత కదలుటను చూడగల యవకాశ మీ జీవియందు మనకు లభించినది. అందుచేతనే శాస్త్రజ్ఞులు జీర్ణక్రియను తెలిసికొనుటకు దీని నంతగా ఆశ్రయించిరి.

ఇక గడ్డి యేల అరుగదో చూతము. అన్నమును మనము బాగుగ నమలినచో నోటిలోనే కొంత తియ్యనగును. బియ్యమునందలి పిండి చక్కెరపూసలను గ్రుచ్చిన దండవంటిది. మన లాలాజలములోని రసము ఆ దండను త్రుంచి పూసలను విడదీయును. గడ్డిలోని పీచుకూడ అవే చక్కెరపూసల దండ. దానికి సెల్యులోసు అని పేరు. భేద మొక్కటియే. పిండిలో పూసలన్నియు ఒక్కవైపు మొగముచేసి యుండగా, పీచులో ఒక పూస వెల్లకిలను, దాని ప్రక్కపూస బోరగిలను గ్రుచ్చబడియుండును. అంతమాత్రముచేత దండ నిటారుగ సాగి, ప్రక్కదండలతో పెనవైచికొని, గట్టి త్రాడగును. పిండిని త్రుంచు కత్తెర ఆ త్రాటిని తెంచలేదు. వరిగడ్డిలో నూటికి సుమారు 30 నుండి 40 పాళ్లు ఈ సెల్యులోసే. దానికితోడు లిగ్నిన్ అను కొయ్యజిగురును, ఇసుకయందుండు సిలికాయు గడ్డిలో కలిసియున్నవి. గాదెలో ధాన్యముండియు తాళపుచెవి లేనివాని చందమున, చాల జంతువులు గడ్డిలోని చక్కెరను పొందజాలకున్నవి.

మన యావులు, గేదెలు మాత్రమీ తాళమును తీయుచున్నవి గదా యందురేమో. నిజమునకు ఆవు తనంత తాను తీయుట లేదు. దాని పెద్దకడుపులో లెక్కకందని సూక్ష్మజీవులు, బూజులు కాపురముండి గడ్డిని కరగించుచున్నవి. ఆవు వానికి వెచ్చని చోటును, మేతను, నీటిని ఇచ్చి, అవి చేసిన వంటను, తుదకు వానినే కూడ అనుభవించుచున్నది. మ్రింగినదానిని మరల నోటికి తెచ్చుకొని నెమరువేయుటయు గడ్డిని నలిపి ఆ సూక్ష్మజీవులకు అందించుటకే. ఇదంతయు పూర్తియగుటకు రెండుమూడు దినములు పట్టును.

నీటియీగ కంత తీరిక లేదు, అంత కడుపును లేదు. దాని భోజనవిధమును చూడుడు. దాని రొమ్మున ఐదారు జతల పలుచని కాళ్లున్నవి. అవి నడచుటకు కావు. వానినిండ దువ్వెనపండ్లవలె సన్నని కేశములుండును. ఆ కేశములపైని నూగు మధ్య సందు మిల్లీమీటరులో వేయవవంతు ప్రాంతము. ఆ కాళ్లు ఎడతెగక కొట్టుకొనుచుండగా నీరు లోపలికి వచ్చి పోవుచుండును. నీటిలోని పాచికణములు, సూక్ష్మజీవులు, క్రుళ్లిన యాకు నలుసులు ఆ జల్లెడలో చిక్కును. చిక్కినదంతయు ఒక సన్నని కాలువవెంట నోటికి చేరును. నోటియొద్ద తిరుగలిరాళ్లవంటి దవడ లొకదానిపై నొకటి దొరలి దానిని నలుగగొట్టి ముద్దచేయును. ముద్ద గొంతుదిగి పొడవైన ప్రేగులోనికి పోవును. ప్రేగు మొదట రెండు చిన్న సంచులున్నవి. అరుగుదలకు కావలసిన రసములు ప్రేగుగోడలనుండి యూరి మేతతో కలియును. మేత ప్రేగుగోడను నేరుగ రాయకుండ పలుచని పొర యొకటి దానిని చుట్టుకొనియుండును. రసములు ఆ పొరగుండ లోపలికిని, కరగిన సారము వెలుపలికిని పోవుచుండును. మేత పుష్కలముగ నున్నచో, నోట పడినది మొదలు వెలికి పోవువఱకు అరగంటయో గంటయో పట్టును. వెనుకవచ్చు ముద్ద ముందున్నదానిని నెట్టుచుండును.

అమెరికాదేశమున విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఆర్థర్ హాస్లర్ అను శాస్త్రజ్ఞుడు ఈ సూక్ష్మప్రాణుల జీర్ణరసములను పరీక్షించి 1935 లోను, 1937 లోను వ్యాసములు ప్రకటించెను. అంత చిన్న ప్రేగులోని రసమును పరీక్షించుటకు ఎంత యోపిక కావలయునో మీరే యూహింపగలరు. అరగంటలో గడచిపోవు మేతనుండి ఏమి సారము దిగునని మనకు సందేహము కలుగుట సహజము. దానికి సమాధానము మేత రకమును బట్టి యుండును. పలుచని గోడగల పాచికణమైనచో దవడల మధ్య నలిగి, గోడ పగిలి, లోని మాంసకృత్తులు, క్రొవ్వు, పిండి సులభముగ కరగును. గోడ దళసరిదై, పైని జిగురుపొర యుండినచో నలుగదు. 1976 లో కేరన్ పోర్టర్ అను శాస్త్రజ్ఞురాలు ఒక జిగురుపాచి నీటియీగ ప్రేగుగుండ పోయి, చావక వెలికివచ్చి, వచ్చిన తరువాత మఱింత చుఱుకుగ పెరుగుటను కనిపెట్టెను. ప్రేగులో నున్న కొలదికాలములో ఆ పాచియే అచటి భాస్వరపు సారమును పీల్చికొని లాభపడినది. తినబోయినది తినలేక, తినబడవలసినది బలిసి బయటపడినదన్నమాట.

మఱి పీచును త్రుంచు శక్తి యీ జీవులకు బొత్తిగ లేదా? చిరకాలము శాస్త్రజ్ఞులు జంతువులకు స్వయముగ సెల్యులోసును త్రుంచు రసము లేదనియే నమ్ముచుండిరి. ఆ నమ్మకము క్రమముగ సడలినది. 1998 లో చెదపురుగునందును, 1999 లో ఆస్ట్రేలియా దేశపు మంచినీటి ఎండ్రరొయ్య యందును, సూక్ష్మజీవుల సహాయము లేకయే ఆ రసమును చేసికొను వంశవ్రాత యున్నదని వెల్లడియైనది. ఓడల కొయ్యను తొలుచు సముద్రజీవి యొకటి యీ రొయ్యజాతిలోనే యున్నది. దాని ప్రేగులో సూక్ష్మజీవులే లేవనియు, కొయ్యను తన రసములతోనే కరగించుకొనుచున్నదనియు 2010 లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు చూపిరి. 2011 లో నీటియీగ వంశవ్రాతను సంపూర్ణముగ చదివిరి. రొయ్యజాతిలో మొట్టమొదట చదువబడిన వ్రాత యిదియే. అందు సుమారు 31 వేల జన్యువు లున్నవి, మనుష్యునికంటె నెక్కువ. అందు పీచును త్రుంచు రసముల వ్రాతలును కలవు.

ఆ రసములు మూడువిధముల కత్తెరలు. ఒకటి దండను నడుమ త్రుంచును. రెండవది కొసనుండి రెండేసి పూసలు చొప్పున కోసికొనుచు వచ్చును. మూడవది ఆ జంటపూసను విడదీసి ఒంటి చక్కెరగ చేయును. మూడును కూడినగాని పీచునుండి ఆహారము పుట్టదు. నీటియీగకు కత్తెరలున్నను కాలము చాలదు. అరగంటలో ఎండుగడ్డిత్రాడు తెగదు. పైగా 2015 లో చేసిన పరీక్షలలో సూక్ష్మజీవులు బొత్తిగ లేకుండ పెంచిన నీటియీగలు సరిగ ఎదుగక, పిల్లలు పెట్టుటయు తగ్గి, త్వరలో చచ్చిపోవుట కనబడినది. కావున తనకు కత్తెరలుండియు ఈ జీవికి పరుల సాయము తప్పదు.

ఆ సాయ మెచ్చటిది? ఇచ్చటనే మనము గ్రహింపవలసిన ముఖ్యవిషయ మున్నది. ఆవు తన సూక్ష్మజీవులను కడుపులో పెట్టుకొన్నది. నీటియీగకు, చిప్పపురుగునకు, చిట్టిరొయ్యకు అంత కడుపులేదు గనుక, వానికి చెఱువే పెద్దకడుపు. ఆకు నీటబడిన కొలదిదినములలో దానిపై బూజును, సూక్ష్మజీవులును పట్టి, తమ కత్తెరలతో పీచును మెత్తబఱచును. ఆకు జారుడై, నల్లనై, చేత పట్టిన చిదికిపోవును. అటుపై చిట్టిరొయ్యలు, చిప్పపురుగులు దానిని గీకి తినును. అవి తినుచున్నది ఆకునుమాత్రమే కాదు. ఆకుపై పెరిగిన బూజును, సూక్ష్మజీవులను కూడ. బలమెక్కువగ నున్నది వానియందే. ఆకు రొట్టెవంటిది, బూజు దానిపై పూసిన వెన్నవంటిది. గీకుటలో రాలిన నలుసులు నీటిలో తేలి నీటియీగల జల్లెడకు చేరును. అవి విడిచిన పెంటపై మరల సూక్ష్మజీవులు పట్టును; ఆ పెంట మరియొక జీవికి మేతయగును. ఒక్క గడ్డిపోచ ఇట్లు ఎన్నియో కడుపులగుండ నడచి తుదకు బురదలో కలియును. నెమరువేయుట యనగా నిదియే. ఆవు ఒక్కతెయే చేయు పనిని ఇచట చెఱువంతయు కలిసి చేయుచున్నది.

దీనిని మీరు పరీక్షింపవచ్చును. రెండు ముంతలలో చెఱువునీరు పోయుడు. ఒకదానిలో అప్పుడు తెచ్చిన ఎండుగడ్డిని, రెండవదానిలో పదిపదునైదు దినములు నీట నానిన గడ్డిని వేసి, రెంటను పచ్చగడ్డి మొదళ్లయందు దొరకు చిట్టిరొయ్యలను నాలుగేసి వదలుడు. నానినగడ్డిమీద అవి వ్రాలి చేతులతో గీకికొనుచుండును, ఎండుగడ్డిని పట్టించుకొనవు. నీరు క్రుళ్లకుండ మార్చుచుండవలెను.

రొయ్యకును, పీతకును వచ్చుసరికి కడుపు పెద్దదగును, పనిముట్లును మారును. రొయ్యను బాగుచేయునపుడు మన యిండ్ల స్త్రీలు వీపుమీది నల్లని దారమును లాగివేయుదురు. అది నరము కాదు, ప్రేగు. అందలి నలుపు రొయ్య తిన్న బురదయు, కుళ్లునాచును. తలలో నుండు పసుపు, ఎఱుపు కలిసిన గుజ్జు దాని జీర్ణగ్రంథి. మనకు కాలేయమును, క్లోమమును వేఱువేఱుగ చేయు పనులు రెండింటిని ఆ యొక్క గుజ్జే చేయును. జీర్ణరసములు అచటనే పుట్టును. అరిగిన సారము మరల అచటికే చేరి నిలువయగును.

మన దేశీయుడైన పట్వర్ధన్ గారు 1935 లో రొయ్యలు, పీతలు మొదలగువాని జఠరములను కోసి పరిశీలించి వ్యాసపరంపర వ్రాసిరి. 1937 లో ఏటిరొయ్యను గూర్చి ఒక గ్రంథము ప్రకటించిరి. పీత దవడలు కోయుటకే గాని నూరుటకు పనికిరావు. కావున దాని జఠరములోనే తిరుగలి యున్నది. నడుమ నొక పన్ను, ఇరుప్రక్కల రెండు పండ్లు. ఈ మూడును కలిసికొని మ్రింగినదానిని నూరును. ఏటిరొయ్యకో, దవడయందే కోయు భాగమును, నూరు భాగమును రెండును కలవు. నోటనే నలిగిపోవును గనుక దాని జఠరములో తిరుగలి లేదు; సన్నని కేశముల జల్లెడమాత్ర మున్నది. మెత్తనిది మాత్రమే ఆ జల్లెడను దాటి గ్రంథిలోనికి పోవును. నోటిలో పనిముట్టున్న చోట కడుపులో లేదు. కడుపులో నున్నచోట నోటిలో లేదు. పొలపు పీత ఊడ్పు లయిన క్రొత్తలో లేతమొక్కల మొదళ్లను త్రుంచి మనకు నష్టముచేయుటకును ఆ దవడ కోతయే కారణము.

గడ్డియొక్కటియే ఈ జాతికి చాలునా యన్నచో చాలదు. రొయ్యజాతికి గాని, పురుగులకు గాని స్టిరాలు అను క్రొవ్వుపదార్థమును తామై చేసికొను శక్తి లేదు. అది లేక పెంకు విడుచుట జరుగదు. దానిని పచ్చని పాచినుండియు, బూజునుండియు సంపాదింపవలెను. వరిగడ్డిలో అది యతిస్వల్పము. సూక్ష్మజీవులలో చాలవానికి లేనేలేదు. కుళ్లుగడ్డి ఆకలి తీర్చును, పాచి యెదుగుదల నిచ్చును. అందుచేత నల్లని క్రుళ్లునీటికంటె కొంచెము పచ్చదనముగల నీటియందు ఈ జీవులు తామరతంపరగ పెరుగును. చెఱువులో పేడ తగుమాత్రము వేయుటలోని కిటుకు ఇదియే. పేడలోని పీచు సూక్ష్మజీవులకును, పేడలోని సారము పాచికిని పోయి, రెండును కలిసి నీటియీగకు చేరును. మొయినాకు అనుకూలమైన నీరు దొరకినచో వారము తిరుగకముందే పిల్లలు పెట్టును. మగదానితో నిమిత్తము లేకయే ఆడది ఆడపిల్లలను కనుచుండును. వేసవిలో కాలువలు కట్టివేసి నీరింకినపుడు గట్టిపెంకుగల గ్రుడ్లను విడిచి చచ్చును. ఆ గ్రుడ్లు బీటలువారిన మట్టిలో ఎండకోర్చి పడియుండి, మరల కాలువలు వదలిన కొలదిదినములకే చిట్లును. ఆకుమళ్లలో మొదటినీటితోనే ఇవి యెక్కడనుండి పుట్టినవో యని ఆశ్చర్యపడువారికి ఇదియే యుత్తరము.

ఇక చేపలసంగతి. మన చెఱువులలోని బొచ్చె నీటిపైభాగమున తిరుగుచు నోరుతెఱచి ప్రధానముగ ఈ నీటియీగలను, సైక్లాప్సులనే వడియగట్టుకొని తినును. శీలావతి మధ్యనీటిలో పాచిని, నాచును, మోసు అడుగున కుళ్లును వెదకికొనును. బొచ్చె స్వయముగ గడ్డితినజాలదు. కాని నీటియీగ తిన్న పాచియు, కుళ్లుగడ్డియు బొచ్చె కండగ మారుచున్నవి. చెఱువునకు మేతవేయక మునుపు కొల్లేరు ఇట్లే వేలకుటుంబములను పోషించినది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన వండును, సరస్సులో పుట్టి క్రుళ్లిన నాచును, కిక్కిసయు ఈ చిట్టికడుపులగుండ చేపయు, రొయ్యయునై, ఆ చేపను తిన్న కొంగలు, గూడబాతులునై మారినవి. తరువాతికాలమున సరస్సుగర్భమున చేపలచెఱువులు వెలసినవి. 1999 లో కొల్లేరు వన్యప్రాణి సంరక్షణస్థలముగ ప్రకటింపబడినది. 2002 లో రాంసారు ఒడంబడికక్రింద అంతర్జాతీయప్రాముఖ్యముగల చిత్తడినేలల జాబితాలో చేరినది. 2006 లో ప్రభుత్వము సరస్సులోని చెఱువుగట్లను చాలవఱకు తొలగించినది. ఆ వివాదములోనికి నేను పోను. గట్టులోపలి నీరైనను, గట్టుబయటి నీరైనను, గడ్డిని చేపగ మార్చు కడుపు ఒక్కటియే యని మాత్రము చెప్పుచున్నాను.

ఆ కడుపునకు నేడు వచ్చిన యాపద యేమనగా, పురుగులమందు. శాస్త్రజ్ఞులు వంశవృక్షము గీచి చూడగా, మన పొలములోని పురుగులన్నియు రొయ్యజాతిలోని యొక కొమ్మనుండియే పుట్టినవని తేలినది. కావున పురుగు నరములను చెఱచుటకు చేసిన మందు నీటియీగ నరములను చెఱచక మానదు. సింథటిక్ పైరిత్రాయిడు లనబడు మందులు అతిస్వల్పప్రమాణమున నీటగలిసినను వీనికి ప్రాణాంతకము. క్రొత్తమం దేదైనను నీటికి హానికరమా కాదా యని తెలిసికొనుటకు దేశదేశముల పరీక్షాలయములలో నీటియీగలనే ఆ నీట నుంచి 48 గంటలు కనిపెట్టి చూచుట వాడుక. చేనిలో మందు చల్లిన మఱునాడే గండికొట్టి నీరు మురుగుకాలువలోనికి వదలినచో, ఆ పరీక్ష మన కాలువలోనే జరిగిపోవును.

చేపలచెఱువులలో ఇది మఱింత చిక్కైనది. చేపపేను మీ కెఱుకయే. పొలుసుల కంటుకొని రక్తము పీల్చుచు, చేపను గట్టులకు ఒరసికొనునట్లు చేయును. ఆ పేనుకూడ ఈ రొయ్యజాతిలోనిదే. దానిని చంపుటకు వేయు మందు పేనునకును నీటియీగకును భేదమెఱుగదు. పేను పోవును, దానితో బొచ్చె మేతయు పోవును. జల్లెడపట్టువారు లేక పాచి చిక్కనగును. పగలు చిక్కని పచ్చనీరు చూచి రైతు సంతోషించును. రాత్రి ఆ పాచియే నీటిలోని ప్రాణవాయువును పీల్చివేయగా తెల్లవాఱుజామున చేపలు పైకితేలి నోళ్లు తెఱచును. అడుగున తినక మిగిలిన తవుడు, కుళ్లుటకు వదలిన నాచు నలుపెక్కి దుర్వాసన కొట్టును. పచ్చి తినువారు, కుళ్లు తినువారు ఇద్దఱును లేని చెఱువు అజీర్తిపడిన కడుపువంటిది.

ఈ చిఱుజీవు లన్నివేళల మనకు మేలే చేయునని నేననను. ఫిలిప్పైన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధనాలయమువారు 1980 ప్రాంతముల చేసిన పరిశోధనలలో, చిప్పపురుగులు వరిమళ్లలో నత్రజనిని పట్టియిచ్చు నీలిపాచిని మేసివేయుట కనబడినది. వేపగింజలపొడి చల్లినచో వాని ఉధృతి తగ్గి నీలిపాచి నిలిచినది. కనుక మడిలో నీలిపాచిని పెంచదలచినవానికి చిప్పపురుగు దొంగయే. చెఱువులో బొచ్చెను పెంచువానికి నీటియీగ పాలేరు. ఎవరి చోటు నెఱిగి వారిని చూచుకొనవలసినదే గాని, అన్నిచోట్ల ఒకే మందు చల్లుట వ్యవసాయము కాదు.

ఇంతకు మనము చేయదగిన దేమన, కొన్నిమాటలలో చెప్పెదను. చేనిలో పురుగు నష్టపఱచునంతగ నున్నదో లేదో దుబ్బులు విప్పి చూచి, ఉన్ననే మందు చల్లవలెను. చల్లిన తరువాత నీరు కొన్నిదినములు చేనిలోనే నిలిపి, ఆ పిమ్మటనే మురుగునకు వదలవలెను. చెఱువులో పేను కనబడినపుడు మత్స్యశాఖవారిని సంప్రదించి, చెప్పినమోతాదున వేయవలెను. ఇంటిముందు పంట కిచ్చు డబ్బాను తెచ్చి చెఱువులో పోయరాదు. మందు వేసిన నీటిని వెంటనే కాలువకు విడువరాదు. సార్వా కోతలయిన వెంటనే దాళ్వాకు తొందరపడి దుబ్బులకు నిప్పుపెట్టుట మానవలెను. తగలబెట్టిన గడ్డి ఎవరి కడుపునకును చేరదు. పేడయు, గడ్డియు వేసినపుడు నీరు పచ్చబడుచున్నదా, నల్లబడుచున్నదా యని గమనింపవలెను. పచ్చబడినచో చెఱువు అరగించుకొనుచున్నది. నల్లబడినచో దానికి తిండి ఎక్కువైనది. అట్టి దినములలో మేత తగ్గించుట మేలు.

వారమున కొకసారి గాజుగ్లాసుతో మీ చెఱువునీరు ముంచి చూచు నలవాటు చేసికొనుడు. ఆ చుక్కలు ఎగురుచున్నంతకాలము చెఱువు కడుపు బాగుగ నున్నదని తెలిసికొనవచ్చును. అవి కానరాని దినమున చేపలను చూచుటకంటె ముందు, చెఱువులోనికి ఏమి వచ్చి చేరినదో విచారించుట మంచిది. నాకిచ్చిన కాలము ముగిసినది.